కొక్కెం లేని ఫొటో

ఎవరేం అడిగినా అచ్యుతయ్య గారు అప్పటికప్పుడు జవాబు చెప్పరు. అడిగినవాణ్ణి ఏదో ఒక పని మీద పంపిస్తారు. పని ముగించుకుని వచ్చేసరికి కొందరికి జవాబు దొరుకుతుంది, కొందరు అడిగిందే మరిచిపోతారు. రెండూ మంచివే అంటారాయన.

ఆయన ఆశ్రమంలో వంటచెరకు తెచ్చే సేవ పున్నారావుది. యాభైకి దగ్గర పడుతున్న మనిషి. ధ్యానంలో కూర్చుంటే రెండో నిమిషానికి కునుకు, శ్లోకం అందుకుంటే సగంలో తడబాటు. కాలవగట్టున నరికి పడేసిన తుమ్మ మొద్దుల్ని వంటశాలకు చేర్చడం ఒక్కటే తనకు చేతనైన పూజ అని ఆరేళ్ళుగా నమ్ముకుని ఉన్నాడు. మొద్దులు మోయడానికీ అక్కడొక పద్ధతి ఉంది. సభామంటపంలో పెద్దగురువు నాగలింగం గారి ఫొటో ఉంటుంది. ఆయన కాలం చేసి ఇరవై ఏళ్ళు దాటింది. ఫొటోలో ఆయన పెద్ద మొద్దునొకదాన్ని రెండు చేతులా గుండెకు హత్తుకుని చిరునవ్వుతో నిలబడి ఉంటారు. కట్టెలు అలాగే మోయాలని, పనిముట్టు ముట్టుకుంటే సేవ పలచనవుతుందని శిష్యులంతా ఎప్పుడో తీర్మానించుకున్నారు. ఆ తీర్మానించినవాళ్ళలో మొద్దు ఎత్తినవాళ్ళు ఎందరని మాత్రం అడక్కండి.

ఆ ఏడు గురుపూజ ఇంకా మూడు రోజులుందనగా పున్నారావుకు నడుం పట్టేసింది. గట్టు మీద ఇంకా ఎనిమిది మొద్దులున్నాయి. అతను ఎవరితోనూ చెప్పలేదు. తువ్వాలు నడుముకు బిగించి కట్టుకుని, పళ్ళ బిగువున ఒకటి మోశాడు. చెబితే ఆ సేవ ఇంకొకరికి ఇస్తారు. ఇచ్చాక ఇక్కడ తనకంటూ ఏం మిగులుతుంది? నొప్పికంటే ఆ భయమే అతన్ని ఎక్కువ కుంగదీసింది. తలుపులు బాగుచేయడానికి వచ్చిన వడ్రంగి అతని అవస్థ చూసి, "ఒక కొక్కెం, ఒక గునపం ఉంటే ఈ పాట్లు దేనికండీ?" అని తన దారిన తాను పోయాడు. ఆ మాట పున్నారావును నిలవనీయలేదు. మర్నాడు పొద్దున్నే గురువు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"స్వామీ, కష్టం తగ్గించుకుని చేస్తే అది సేవ అవుతుందా?"

అచ్యుతయ్య గారు అతని నడుముకున్న తువ్వాలు వైపు చూశారు. "పేరిందేవమ్మ గారి అటక మీద పెద్దగురువు గారి ఇనప సామాను ఉండాలి. అడిగి పట్టుకురా," అన్నారు.

పేరిందేవమ్మ గారు నాగలింగం గారి భార్య. ఎనభై దాటినా గొంతు గంటలా మోగుతుంది. ఆశ్రమం వెనక పెంకుటింట్లో ఒక్కరే ఉంటారు. పున్నారావు నిచ్చెన వేసి మూడో మెట్టు మీద కాలు పెట్టాడో లేదో, నోట్లోంచి మూలుగు వచ్చేసింది.

"దిగు అబ్బాయ్. ఆ మూలుగు ఈ ఇంటికి కొత్త కాదు," అందావిడ. "మామిడికాయలు కోసే దోటి ఆ మూలనుంది. దాంతో లాగరాదూ?"

దోటితో లాగితే గోనెమూట దుమ్ముతో సహా కింద పడింది. విప్పి చూస్తే పొట్టి గునపం ఒకటి, మోకు ఒకటి, కర్ర పిడి, పక్కన కడియం ఉన్న ఇనప కొక్కెం ఒకటి. ఆ పిడి చెయ్యి ఆడీ ఆడీ చింతగింజలా నున్నబడింది.

"ఇవి పెద్దగురువు గారు వాడేవారా అమ్మా? మరి ఫొటోలో ఉత్తచేతుల్తో..."

"ఆ ఫొటోనా!" ఆవిడ గలగలా నవ్వింది. "తీసినతను, కొక్కెం అడ్డంగా ఉంది, పక్కన పెట్టి చేత్తో ఎత్తండి స్వామీ అన్నాడు. మొహమాటానికి ఎత్తారు. అది చిరునవ్వు కాదు అబ్బాయ్, పళ్ళు బిగబట్టడం. నాలుగు రోజులు మంచం దిగలేదు. ఆముదం కాచి రాసింది నేను కాదూ!"

పున్నారావుకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండూ చేశాడు. నవ్వితే నడుం కలుక్కుమన్నా ఆరోజు ఆ నొప్పి మీద అతనికి కోపం రాలేదు.

కర్ర పోటేసుకుంటూ ఆవిడే గట్టుకు వచ్చి దగ్గరుండి చేయించింది. గునపంతో మొద్దు తల కాస్త లేపి కింద రెండు గుండ్రటి కర్రలు దూర్చమంది. మొద్దు చివర కొక్కెం దిగేసి, దాని కడియానికి మోకు కట్టమంది. "నిటారుగా నిలబడి లాగు. వంగావంటే ఊరుకోను!" అంది. పున్నారావు లాగాడు. మొద్దు మాట విన్న దూడలా కదిలి వెంట వచ్చింది. మధ్యాహ్నం వడ్డన వేళకు గట్టు ఖాళీ అయింది. నడుముకున్న తువ్వాలు విప్పి మొహం తుడుచుకుంటే అతనికి ప్రాణం లేచొచ్చింది. తన సేవ తన దగ్గరే ఉంది.

సాయంత్రం కొక్కేన్ని శుభ్రంగా తోమి, పసుపూ కుంకుమా బంతిపూల దండా పళ్ళెంలో పెట్టుకుని అతను మంటపానికి వచ్చాడు. పెద్దగురువు ఫొటో కింద మేకు కొట్టి దాన్ని అక్కడ తగిలించాలని అతని ఆశ. అచ్యుతయ్య గారు అక్కడే కూర్చుని ఉన్నారు.

"ఈ కొక్కెం సంగతి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు స్వామీ?"

"నువ్వు నవ్వుతూ మోస్తుంటే నొప్పి లేదనుకున్నాను. అది నా పొరపాటు."

పున్నారావు కళ్ళు తుడుచుకుని, కుంకుమలో వేలు అద్ది కొక్కెం మీదికి వంగాడు. గురువు ఆ చెయ్యి పట్టుకుని ఆపారు.

"బొట్టు పెట్టకు నాయనా. పెట్టావంటే, రేపటి నుంచి మళ్ళీ ఉత్తచేతుల్తో మోయాలి."