తొక్కని చోటు

జోగారావు మాస్టారు గుడ్డను నేలమీద పరిచి, చెప్పులు విడిచి, దానిమీద నడుస్తూ రంగులు వేసేవారు. మధ్యలో ఒకచోట మాత్రం కాలు మోపకుండా చుట్టి వెళ్ళేవారు. ఏ పటానికైనా అంతే. అది ఆయన చాదస్తం అనుకున్నాం. రెండో ప్రపంచయుద్ధం ముగిసి పదిహేనేళ్ళయినా, బొమ్మంటే ముక్కూ మొహమూ ఉండి తీరాలని మద్రాసులో పెద్దలు పట్టుబట్టే రోజులవి. ఆయన శిష్యులం మాత్రం ఓడమీద వచ్చే విదేశీ పత్రికలు చూసి ఆకారాలు మానేశాం. మాలో సగంమందికి రంగు ఒలకబోయడం తప్ప మరేమీ రాలేదు. ఆ సగంలో నేనూ ఉన్నాను.

మాలో ఒకడైన పానకాలుకి అనుమానం పట్టుకుంది. క్యాలెండర్ల కంపెనీవాళ్ళు అతన్ని ఉద్యోగానికి పిలిచారు. "మాస్టారూ, నేను లక్ష్మీదేవిని వేస్తే దారినపోయే ముసలమ్మ కూడా దణ్ణం పెడుతుంది. మీ పటంలో ఏముందో మీకు తప్ప ఎవరికి తెలుస్తుంది? అది చెప్పండి, ఇక్కడే ఉండిపోతాను" అన్నాడు. మాస్టారు వాదించే మనిషి కాదు. "ముందు భోజనం రానీ" అన్నారు.

ఆయన గురించి ఒక్క సంగతి చెప్పాలి. నలభై రెండులో, రంగూన్ మీద బాంబులు పడ్డాక, తల్లిలేని నాలుగేళ్ళ కూతుర్ని భుజాన వేసుకుని కొండలూ అడవులూ పట్టి నడిచి వచ్చారు. ఇక్కడికి చేరింది ఆయనొక్కరే. పాప దారిలో జ్వరంతో పోయిందని చెప్పారు. అంతకుమించి అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

ఆ పూట క్యారియరు తెచ్చింది ఆదెమ్మ. మెస్సులో ఆ వారమే చేరింది, మాస్టారి సంగతేమీ ఎరగదు. ఆ మధ్యాహ్నమే ఢిల్లీ ఎగ్జిబిషన్‌కి పంపాల్సిన పటం గదినిండా పరిచి ఉంది. "ఎండిపోయిందిలే, దానిమీంచే వచ్చెయ్" అన్నాడు పానకాలు. ఆమె చకచకా సగందాకా వచ్చింది. అక్కడ ఆగి, కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని, మాస్టారు తొక్కని చోటునే చుట్టి వచ్చి క్యారియరు దించింది. ఆ చోట బూడిదరంగు తప్ప ఏమీ లేదు. దాని చుట్టూ ఉన్నదీ బూడిదరంగే.

"అదేమిటి, అలా తిరిగొచ్చావ్?" అన్నాడు పానకాలు నవ్వుతూ.

"బాగుంది బాబూ! పడుకున్న పిల్లని దాటమంటారా? దాటితే ఎదగరు."

పానకాలు నవ్వు అక్కడే ఆగిపోయింది. మాస్టారు లేచి నిలబడ్డారు. ఆ గొంతు ఆయనదేనని నేను వెంటనే పోల్చుకోలేకపోయాను.

"సరిగ్గా చూసి చెప్పు తల్లీ. కళ్ళు మూసుకునే ఉందా?"

ఆదెమ్మ వంగి చూసింది. "లేదయ్యా. మేలుకునే ఉంది. మీ వంకే చూస్తోంది" అని, నిన్నటి ఖాళీ క్యారియరు తీసుకుని, వచ్చినట్టే చుట్టి వెళ్ళిపోయింది.

మాస్టారు గుడ్డ అంచున కూలబడ్డారు. పాప జ్వరంతో పోయిందని పద్దెనిమిదేళ్ళుగా ఆయన మాకు చెబుతూ, తనకు తాను చెప్పుకుంటూ వచ్చిన మాట ఇక నిలవదని అర్థమై నాకు ఏడుపొచ్చింది. బయట పటం కోసం వచ్చిన బండివాడు కేకేస్తున్నాడు. ఏం చెయ్యాలో తోచక పానకాలు పటాన్ని ఆ చివరనుంచి చుట్టసాగాడు.

"ఆగరా" అన్నారు మాస్టారు. "రెండోసారి కూడా వదిలెయ్యమంటావా?"