మొదటి గంప

శనివారం సాయంత్రం అయిదున్నరకు, సముద్రం మీది గాలి మళ్ళే వేళ, ఒక ఇల్లాలు ఇసుక గంప తెచ్చి తన దొరువు గట్టున దించింది. ఆ ఇంటివాళ్ళు ఇప్పటికీ తలుచుకునే రోజది.

అది ఉప్పు నేల. అక్కడ కొత్త జంట గుడిలో దేవుని ఎదుట మాట ఇచ్చి వచ్చిన రోజే ఇంటి వెనక ఇసుకలో ఒక గుంట తవ్వుకుంటారు. దాన్నే దొరువంటారు. లోతు తక్కువ, నీళ్ళు తియ్యన. అయితే పక్కల ఇసుక రోజూ జారుతుంది. ఒకరు లోపలికి దిగి గంప నింపాలి, ఒకరు గట్టున నిలబడి అందుకోవాలి. వదిలేస్తే జల మూసుకుపోయి, అడుగు నుంచి సముద్రం వచ్చి చేరుతుంది. కాపురం వద్దనుకుంటే దొరువు పూడుస్తారు. మొదటి గంప పడిందంటే అంతే. పూడ్చినదాన్ని మళ్ళీ తవ్వరు.

ఈ ఇంటాయన ఏడాదిగా సరుగుడు తోపు అవతల మరొకరి దొరువులో తాగి వస్తున్నాడు. ఇంట్లో చెంబు అందిస్తే, "దాహం లేదు" అనేవాడు. భార్య ఒక్కతే దిగి, ఒక్కతే ఎక్కి, చేతనైనంత తోడింది. నీళ్ళు ఉప్పెక్కాయి. పెరట్లో మునగ ఆకు రాల్చేసింది. కూతురు ముఖం చిట్లించుకుని తాగేది.

తోపు అవతలి ఇంటి మగడు పడవ మీద దూరాలు పోయేవాడు. ఆ వారమే తిరిగి వచ్చాడు. తన నీళ్ళు నోట పోసుకోగానే వేరొకరు తాగిపోతున్నారని తెలిసిపోయింది. తన దొరువు పూడ్చి వెళ్ళిపోయాడు.

అప్పుడొచ్చాడు ఈయన, నాలుక పిడచకట్టి. "కాసిన్ని నీళ్ళియ్యి" అన్నాడు. భార్య నీళ్ళకు వెళ్ళలేదు. ఇసుకకు వెళ్ళింది.

"ఆగమ్మాయ్" అంది అరుగు మీది ముసలి అత్త.

"నీ కొడుకనేగా ఆపుతున్నావు, అత్తా?"

"నేనాపను. పూడ్చే హక్కు నీకు దేవుడిచ్చాడు. వాణ్ణి ముందు ఒక్క గుక్క తాగనియ్యి. ఏరా, దాహమన్నావుగా! తాగు."

కూతురు చెంబుతో పోస్తే అతను వంగి దోసిలి పట్టాడు. గొంతు దిగలేదు.

"ఏం, బాలేవా?" అంది భార్య. "నీ కూతురు పెరిగింది వీటితోనే. తోపు అవతలివి తేనెలంటగా?"

"తాగేటప్పుడు తియ్యగానే ఉండేవి. ఇంటికొచ్చేలోపు గొంతు ఎండిపోయేది." అతను తల ఎత్తలేదు. "నీళ్ళదేం తప్పు లేదు. నాదే."

"తెలిసి ఏం లాభం?"

అతను పంచె ఎగగట్టాడు. దొరువులోకి దిగాడు. చేతులతో ఇసుక తోడి గట్టు మీదికి విసిరాడు. అందుకునేవాళ్ళు లేక సగం మళ్ళీ జారి అతని మీదే పడింది. మళ్ళీ విసిరాడు. గవ్వపెంకులకు వేళ్ళు తెగాయి. ఉప్పునీళ్ళు తగిలి మండుతున్నా పైకి పిలవలేదు.

భార్య సముద్రం వైపు తిరిగి కూర్చుంది. కూతురు మాత్రం గట్టు అంచున బోర్లా పడుకుని లోపలికే చూస్తోంది.

"అమ్మా, నాన్న విసిరిందంతా నాన్న మీదే పడతా ఉంది."

"పడనీ."

కాసేపటికి ఆమె లేచింది. గంప ఎత్తింది. అత్త కళ్ళు మూసుకుంది.

ఇసుక పడిన చప్పుడు దొరువులో వినబడలేదు. ఆమె దాన్ని దూరంగా, మునగ మొదట్లో గుమ్మరించింది. ఖాళీ గంపను కిందికి దించింది.

అతను నోరు తెరవబోయాడు.

"మాట్లాడకు," అంది. "నింపు."

ముసలామె గుండెల నిండా ఊపిరి తీసుకుని, "స్తోత్రం తండ్రీ" అనుకుంది. చీకటి పడకముందే అడుగున వేలెడు జల కదిలింది.

మర్నాడు ఆదివారం. గుడి గంట కొట్టకముందే ఒకరు దిగారు, ఒకరు అందుకున్నారు. కూతురు చెంబు ఎత్తి, "ఇంకా ఉప్పే. నిన్నటంత లేదులే" అంది. ఆ నీళ్ళతోనే గంజి కాచారు. నలుగురూ పొయ్యి దగ్గర కూర్చుని తాగారు. ఉప్పు చట్టి కోసం ఎవరూ చెయ్యి చాపలేదు.