చెంగల్రాయుడి హాజరు

ఎర్రకొండ అడవిలో మోదుగ చెట్ల మధ్య ఒక విద్యాలయం ఉండేది. ఏనుగు గజలక్ష్మమ్మ దానికి పెద్ద. అందరూ పెద్దమ్మగారు అనేవాళ్ళు. చదివేవాళ్ళలో కొమ్ములవాళ్ళు, రెక్కలవాళ్ళు, ముళ్ళవాళ్ళు అందరూ ఉండేవాళ్ళు. అల్లరి మాత్రం అందరిదీ ఒకటే.

ఏటా మోదుగ పూలు రాలే వేళకి పక్కనున్న పాలకొండ అడవితో పరుగు పందెం. దారి సగం వేటగాళ్ళు తిరిగే లోయలోంచి పోతుంది. రెండేళ్ళ కిందట ఒక కుందేలు తన తోకని ఉచ్చులో వదిలేసి ఇంటికొచ్చింది. అప్పుడు విద్యార్థులే సంఘం పెట్టుకుని, రెండ్రోజులు ఒకరి మీద ఒకరు అరుచుకుని, ఒక నియమం రాసుకున్నారు: రోజూ ఉచ్చుల పాఠానికి హాజరై, అందులో నెగ్గినవాళ్ళే పందెంలో పరుగెత్తాలి. పెద్దమ్మగారు దాని మీద బురద కాలితో ముద్ర వేసి, "మీరు రాసుకున్నారు, మీరే నిలబెట్టుకోండి" అన్నారు.

ఆ ఏడు ఎర్రకొండ ఆశలన్నీ చెంగల్రాయుడనే చుక్కల దుప్పి మీదే. వాడు చెంగున దూకితే గాలి వెనకబడి ఆయాసపడేది. పాఠం మొదలైతే మాత్రం వాడికి ఎక్కడలేని ఆవలింతలు. వాడికి పరుగు నేర్పేది గుంటనక్క చిదంబరం. పందెం గెలిపించిన గురువుకి ఏడాది పొడుగునా రోజుకో వాగుపీత ఇవ్వడం ఆ అడవి మర్యాద. కిందటేడు ఆ పీతలు తిన్న చిదంబరం మళ్ళీ తినాలని ఉవ్విళ్ళూరుతున్నాడు.

"ఒరే నాయనా, పాఠంలో కూర్చుంటే పిక్కలు పట్టేస్తాయిరా. నువ్వు మైదానంలోనే ఉండు. హాజరు సంగతి నేను చూసుకుంటా" అన్నాడు ఒకరోజు.

"ఎలాగండీ గురువుగారూ?"

"రామచిలుకకి నాలుగు జామకాయలు పడేస్తే నీ గొంతు నీకంటే బాగా పలుకుతుంది."

"తప్పు కదండీ?"

"దొరికితేనే తప్పు. పిచ్చివాడా, నీ కాళ్ళే నీ పట్టా!"

చెంగల్రాయుడికి మనసులో కొంచెం గుచ్చుకుంది. కానీ పొద్దున్నే పచ్చిక మీద పరుగు తీస్తుంటే ఆ గుచ్చుకున్నది ఎక్కడో జారిపోయింది.

పాఠం చెప్పేది చూపు ఆనని తాబేలు మాస్టారు. తరగతిలో గడ్డి నడుము లోతు. ఎవరొచ్చారో గొంతును బట్టి తెలుసుకోవాల్సిందే. హాజరు పిలిచేది సంఘం అధ్యక్షురాలు, ముళ్ళపంది కనకవల్లి. "చెంగల్రాయుడు!" అని పిలిస్తే, "వచ్చానండీ!" అని జవాబు. నెల్లాళ్ళు అలాగే సాగింది. ఆ తర్వాత కనకవల్లికి అనుమానం తగిలింది. దుప్పి గొంతు చెట్టు మీంచి రావడమేంటి?

ఆ సాయంత్రం వాగు దగ్గర వాణ్ణి పట్టుకుంది.

"ఏరా రాయుడూ, ఇవాళ మాస్టారు ఏం చెప్పారు?"

"ఉచ్చుల గురించి అక్కా."

"ఏ ఉచ్చు గురించి?"

"అదే... ఉచ్చులాంటి ఉచ్చు."

కనకవల్లి నవ్వు ఆపుకుని నేరుగా పెద్దమ్మగారి దగ్గరికి వెళ్ళింది. అంతా విని, "నన్ను చూసుకోమంటావా?" అని అడిగారావిడ.

"మీరు చూస్తూ ఉండండి చాలు. మేం చూసుకుంటాం" అంది కనకవల్లి.

మర్నాడు చెంగల్రాయుడు తరగతి పక్క మైదానంలో గంతులేస్తుంటే కనకవల్లి గొంతు ఖంగున వినిపించింది.

"ఇవాళ హాజరు పిలవను. ఈ ఏడు పందెం మానుకుంటామనేవాళ్ళ పేర్లు అడుగుతాను. మానుకునేవాళ్ళు 'వచ్చానండీ' అనండి. అడవిపంది భూపతి!"

చప్పుడు లేదు.

"చెంగల్రాయుడు!"

"వచ్చానండీ!" అంది చెట్టు.

 చెంగల్రాయుడు ఒక్క గెంతులో గడ్డి దాటి మధ్యలో పడ్డాడు. "నేను కాదు! ఆ మాట నేననలేదు!"

"నువ్వు కాకపోతే నెల్లాళ్ళుగా 'వచ్చానండీ' అంటున్నదెవరు?" అంది కనకవల్లి.

 ఔనంటే పందెం పోయింది, కాదంటే హాజరు పోయింది. కొమ్మ మీద చిలుక జామకాయ వదిలేసి ఎగిరిపోయింది. అందరూ గొల్లున నవ్వారు. చెంగల్రాయుడికి చెవులు వేడెక్కాయి.

ఈలోగా చిదంబరం పరుగున వచ్చాడు. "ఆగండాగండి! పిల్లవాడికి ఉచ్చుల పాఠం నేనే విడిగా చెబుతున్నా. ఈ ముసలి మాస్టారు నా ముందెంత?"

"ఇంకేం గురువుగారూ!" అంది కనకవల్లి. "ఈ మోదుగల వెనక పరీక్ష దారి ఉంది. మెత్తటి తీగలతో ఉచ్చులు పెట్టాం, ప్రాణభయం లేదు. మీరు ముందు నడవండి, శిష్యుడు వెనక వస్తాడు."

అందరూ చూస్తుంటే కాదనడం ఎలా? చిదంబరం తోక ఎత్తుకుని నడిచాడు. "ఉచ్చున్న చోట, చూడండి, ఆకులు... ఆకులుంటాయి. అదుగో ఆ ఎండుటాకుల మీంచి నిశ్చింతగా—"

వంచి కట్టిన కొమ్మ సర్రున లేచింది. చిదంబరం వెనక్కాలితో గాల్లో తలకిందులుగా వేలాడాడు.

అందరూ నవ్వారు. చెంగల్రాయుడు నవ్వలేదు. గురువు అడుగు వేసిన ఆ ఎండుటాకుల మీదే తానూ కాలు పెట్టబోయాడు. అది మెత్తటి తీగ కాక లోయలోని ఇనుప తీగైతే? వాడు కనకవల్లి వైపు తిరిగాడు.

"అక్కా, తప్పు నాది కూడా. నన్ను పందెంలోంచి తీసెయ్యండి."

సంఘం అక్కడికక్కడే కూర్చుంది. తీసెయ్యాలని కొందరు, వదిలెయ్యాలని కొందరు. తోకలేని కుందేలు లేచి, "వీడికి శిక్ష కాదు, పాఠం కావాలి. పందేనికి ఇంకా పన్నెండు రోజులుంది. నెగ్గితే పరుగెడతాడు, లేకపోతే లేదు" అంది. అందరూ చేతులెత్తారు. చిదంబరం ఆ పరీక్ష నెగ్గేదాకా ఎవరికీ పరుగు నేర్పకూడదని కూడా తీర్మానించారు.

కొమ్మకి వేలాడుతూనే చిదంబరం అరిచాడు: "పెద్దమ్మగారూ! ఈ పిల్లకాయలు నాకు తీర్పు చెప్పడమేంటి?"

"నన్నడిగి ఏం లాభం చిదంబరం? అక్కడ నాకు ఓటు లేదుగా" అని, అప్పటిదాకా పక్కన నిలబడి చూస్తున్న పెద్దమ్మగారు తొండంతో వాణ్ణి కిందకి దింపారు.

పన్నెండు రోజులూ చెంగల్రాయుడు తాబేలు మాస్టారి ముందు మొదటి వరసలో కూర్చున్నాడు. ఆవలింత వస్తే కనకవల్లి ముల్లు పక్కనే ఉండేది. వంగిన మొక్కేదో, వంచిన మొక్కేదో తెలిసింది. పరీక్షలో ఒక్క తప్పుతో నెగ్గాడు.

పందెంనాడు లోయ మలుపులో అందరికంటే ముందున్నది వాడే. దారి పక్కన ఒక మొక్క గాలి లేకుండానే వంగి ఉంది. వాడు ఠక్కున ఆగాడు. వెనక నుంచి పాలకొండ జింక దూసుకొస్తోంది. "ఎడమకి తప్పుకో, ఉచ్చుంది!" అని కేక పెట్టి, అది తప్పుకున్నాక తానూ చుట్టూ తిరిగి పరుగెత్తాడు. ముక్కు వాసి తేడాతో రెండోవాడుగా వచ్చాడు. అయినా ఎర్రకొండవాళ్ళు వాణ్ణి మోసుకుని తీసుకొచ్చారు. పాలకొండవాళ్ళు సగం దూరం సాయం పట్టారు.

చిదంబరం దారికడ్డంగా నిలబడ్డాడు. "చూశారా! నేనుండి ఉంటే వీడు మొదటివాడుగా వచ్చేవాడు."

"మీరుండి ఉంటే మూడు కాళ్ళతో వచ్చేవాణ్ణి గురువుగారూ" అన్నాడు చెంగల్రాయుడు మర్యాదగానే.

అడవంతా పకపకా నవ్వింది. చిదంబరం తోక ముడుచుకుని పొదల్లోకి జారుకున్నాడు.

నీతి: కాళ్ళు ఎంత దూరమైనా తీసుకుపోతాయి, క్షేమంగా ఇంటికి తెచ్చేది చదువే.