గవ్వ మోగని ఆట

అనగనగా, మనుషులకింకా బంతి అంటే ఏమిటో తెలియని రోజుల్లో, ఒక అడవి ఉండేది. ఆ అడవిలో జంతువులకు తిండి తర్వాత బంతాటే ప్రాణం. తాటిపీచు చుట్టి బంతి చేసేవారు. ఆట నేర్పడానికి జట్టుకొక గురువు ఉండేవాడు.

ఆటను ఏలడానికి ఒక ఆటసభ ఉండేది. దాని పెద్ద వక్రదంతుడనే దుమ్ములగొండి. అతడు బంతిని ఏనాడూ తన్నిన పాపాన పోలేదు. అయినా గురువులందరి బతుకూ అతని గుప్పిట్లోనే ఉండేది.

ఎలాగంటారా? సభ ఇచ్చిన గవ్వ మెడలో ఉంటేనే గురువు. గవ్వ పోతే ఏ జట్టూ చేర్చుకోకూడదు, మైదానం గట్టు కూడా ఎక్కకూడదు. ఆటకు ముందు గురువులిద్దరూ ఎదురెదురుగా నిలబడి గవ్వకు గవ్వ తాకించాలి. టక్కుమని చప్పుడు వినిపించాకే ఆటకు తీర్పరి అయిన కోతి ఈల వేయాలి. తన గవ్వ గొప్పదనం అందరికీ తెలియాలని ఈ శాసనం చేసింది వక్రదంతుడే.

ఒక ఏడు కొంగ గురువు, "తీర్పులో పక్షపాతం ఉంది" అన్నాడు. మర్నాడే అతని గవ్వ పోయింది. మిగతా గురువులు మనకెందుకొచ్చిన గొడవ అనుకున్నారు. మరుసటి ఏడు తాబేలు గురువు సభవారి విందుకు వెళ్లలేదు. అతని గవ్వా పోయింది. అప్పుడూ అందరూ నేలచూపులు చూశారు. నోరుండి ఏం లాభం!

మూడో ఏడు వాగు జట్టుకూ కొండ జట్టుకూ పెద్ద పోటీ వచ్చింది. వాగు జట్టు గురువు స్థిరమతి అనే ఉడుము. కొండ జట్టు గురువు భల్లవర్మ అనే ఎలుగుబంటి.

ఆ ఉదయం వక్రదంతుడు స్థిరమతిని పిలిపించాడు.

"మా మేనల్లుడు నక్క ఇవాళ గోలు కాయాలి."

"అయ్యా, గోలు కాసేది అడవిపిల్లి. ఎండనక వాననక సాధన చేసింది. తమ మేనల్లుడు ఒక్కనాడూ మైదానానికి రాలేదు."

"నీ మెడలో గవ్వ ఎవరిచ్చారో గుర్తుందా?"

ఆట తప్ప స్థిరమతికి మరో విద్య రాదు. ఇంట్లో పసిపిల్లలు. అయినా ఉడుము కదా, పట్టు వదల్లేదు.

"గుర్తుంది. పిల్లిని మాత్రం తీయను."

మైదానం కిక్కిరిసింది. వక్రదంతుడు అందరి ముందూ స్థిరమతి గవ్వ తెంపి నక్క మెడలో కట్టాడు. "ఇక వీడే గురువు. కానివ్వండి!"

నక్క ఒళ్లు విరుచుకుంటూ భల్లవర్మ ఎదుట నిలబడింది. ఆట తెలియని నక్కతో గవ్వ తాకిస్తే గెలుపు భల్లవర్మదే. తాకించకపోతే బతుకుతెరువు పోతుంది. గవ్వ పైకెత్తాడు. ఎవరూ ఊపిరి తీయలేదు.

భల్లవర్మ గవ్వ విప్పి నేలమీద పెట్టాడు.

"కొంగను పంపేస్తే ఊరుకున్నాను. తాబేలును పంపేస్తే ఊరుకున్నాను. నా మీద నాకే అసహ్యం వేస్తోంది. స్థిరమతితో తప్ప ఎవరితోనూ తాకించను."

"అయితే నీ పనీ అయిపోయింది! కుందేలు గురువూ, వీడి బదులు నువ్వు రా!"

కుందేలు గజగజ వణికింది. వణుకుతూనే గవ్వ విప్పేసింది. అడవిపంది గురువును పిలిస్తే అతనూ విప్పేశాడు. మూడో పేరు పిలవడానికి వక్రదంతుడికి నోరు రాలేదు.

"కోతీ, ఈల వెయ్యి!"

"ఎలా వేయను దొరా? గవ్వ చప్పుడు వినకుండా ఈల వేస్తే పళ్లు రాలగొడతానన్నది తమరే కదా!"

"ఆట! ఆట!" అని అడవి అడవంతా అరిచింది. వక్రదంతుడికి చెమటలు పట్టాయి. నక్క మెడలోని గవ్వ లాగి స్థిరమతి దగ్గరకు తనే నడిచి వచ్చాడు.

"ఇదిగో, కట్టుకో."

"ముందు కొంగకూ తాబేలుకూ కట్టండి," అన్నాడు స్థిరమతి.

గట్టు అవతల పొదల్లోంచి చూస్తున్న ఆ ఇద్దరికీ గవ్వలు కట్టాకే స్థిరమతి, భల్లవర్మ తమ గవ్వలు తాకించారు, ఈల మోగింది. ఎవరు గెలిచారంటారా? కొండ జట్టే. ఓడినా స్థిరమతి వెళ్లి భల్లవర్మను కౌగిలించుకున్నాడు.

నీతి: పక్కవాడి అన్యాయానికి మౌనంగా ఉంటే అది మన గుమ్మందాకా వస్తుంది, అందరూ ఒక్కటై నిలిస్తే ఎంతటి అధికారమైనా దిగిరాక తప్పదు.