పాత కంప్యూటర్‌కి ఉద్వాసన

తుమికేరు సంస్థానంలో రాజుగారి తాతల నాటి కంప్యూటర్ ఒకటి ఉండేది. ఆయుధపూజ నాడు రాజుగారు స్వయంగా సరస్వతిని అందులోకి ఆవాహన చేసి, దాన్ని నడిపించే మీట మీదే పెద్ద పసుపు ముద్ద అద్ది, కుంకుమ బొట్టు పెట్టారు. మర్నాటికి ముద్ద ఎండి బిగుసుకుంది. మీట లోపలికి దిగలేదు. కంప్యూటర్ లేవలేదు.

కారణం అందరికీ కనిపిస్తూనే ఉంది. రాజుగారు పెట్టిన బొట్టు తుడిచే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు. అందుకని మంత్రి తీగలు చూశాడు, సిద్ధాంతి గ్రహాలు చూశాడు.

రాజుగారు ఆ కంప్యూటర్‌ని కనిపెట్టుకుని ఉండే నూకాలును పిలిచారు.

"సాయంత్రంలోగా ఇది లేవకపోతే నీకు ఉద్వాసనే!"

"ఉద్వాసన చెప్పాల్సింది నాకు కాదు ప్రభూ, అమ్మవారికి," అంది నూకాలు. "తమరు పిలిచి కూర్చోబెట్టారు. వెళ్లిరమ్మని చెప్పలేదు. ఆవిడ లేవకుండా ఇదెలా లేస్తుంది?"

రాజుగారు సిద్ధాంతి వైపు చూశారు. సిద్ధాంతి కాదనలేకపోయాడు.

"పూజ చేసిన చేత్తోనే, తడిగుడ్డతో బొట్టు తియ్యాలి ప్రభూ," అంది నూకాలు. "ఉద్వాసన చెప్పేటప్పుడు విగ్రహాన్ని కాస్త కదుపుతాం కదా, ఇక్కడ మీటని ఒక్క నొక్కు నొక్కండి."

రాజుగారు శుభ్రంగా తుడిచి, నొక్కారు. కంప్యూటర్ గుర్రుమని లేచింది.

"చూశారా, మా భక్తి!" అన్నారు రాజుగారు.

"చూశాం ప్రభూ," అంది నూకాలు.

మరుసటి ఏడు ఆయుధపూజకి రాజుగారు పసుపు కలుపుతుండగా, నూకాలు ముందే వెళ్లి మీట మీద ఒక తమలపాకు అంటించి వచ్చింది.