డాబా మీద జట్కా గుర్రం

గుంటూరులో గొడుగులు బాగుచేసే పానకాలు ఇంట్లో నలుగురు మనుషులు. పానకాలు, అతని భార్య తిరపతమ్మ, తమ్ముడు కోటిలింగం, తల్లి సౌభాగ్యమ్మ. నలుగురికీ గర్వం ఒక్కటే. ఊళ్ళో అందరికీ చెవులున్నాయి గానీ, చెప్పిన మాట చెప్పినట్టు వినేది తామేనని. సౌభాగ్యమ్మ పొద్దున్నే గుమ్మంలో కూర్చుని దారిన పోయేవాళ్ళను ఆపి మరీ చెప్పేది.

"తెలివంటే ఏముందమ్మా! ఎదుటివాడి మాటకు ఒక ముక్క కలపకూడదు, ఒక ముక్క తీయకూడదు. అది మా ఇంట్లోనే ఉంది."

ఒకసారి తిరపతమ్మ, "వానొస్తే కొట్లోంచి గొడుగు తీసుకురా" అని మొగుడితో అంది. వానొచ్చేదాకా పానకాలు ఇంట్లోనే కూర్చున్నాడు. జోరున పట్టుకున్నాక లేచి, తడుస్తూ కొట్టుకు వెళ్ళి, మూసిన గొడుగు చంకలో పెట్టుకుని తడుస్తూ ఇంటికొచ్చాడు. తీసుకురమ్మంది గానీ తెరవమనలేదుగా! తిరపతమ్మ పొంగిపోయి మొగుడి తల తుడిచింది. తెలివిలేని వాడిని దిద్దవచ్చు. తన తెలివికి తానే మురిసేవాడిని ఎవరు దిద్దుతారు?

ఇలాంటి ఇంటికి ఒకరోజు జట్కా మస్తాను గుర్రాన్ని తోలుకుని వచ్చాడు. గుర్రం పేరు గులాబీ. మస్తానుకు కంటి ఆపరేషను చేస్తామని డాక్టర్లు చెప్పారు. పది రోజులు ఆసుపత్రిలో ఉండాలి. పదేళ్ళుగా గుర్రాన్ని కట్టేసిన ఖాళీ స్థలంలో ఎవరో మేడకు పునాదులు తవ్వుతున్నారు. బండినైతే బంధువుల గోడవార పెట్టుకోనిచ్చారు గానీ, గుర్రానికి చోటు లేదన్నారు. రోజూ అతని బండెక్కే పెద్దమనుషులను అడిగాడు. ఒకాయన వాసనన్నాడు. ఒకాయన దోమలన్నాడు. ఒకాయన ఆలోచించి చెబుతానని తలుపేసుకున్నాడు. వాళ్ళంతా నిజంగా తెలివైనవాళ్ళే.

"మీరే దిక్కు, పెద్దమ్మగారూ! దీని కాలికి ఏమన్నా అయిందంటే నా ఇంట్లో పొయ్యి వెలగదు. నా పిల్లలకు ఇదే అన్నం పెడుతోంది" అని మస్తాను కళ్ళు తుడుచుకున్నాడు.

"కాలికి చిన్న గీత పడనివ్వం. ఎలా చూసుకోవాలో చెప్పు, చెప్పింది చెప్పినట్టు చేస్తాం" అంది సౌభాగ్యమ్మ.

మస్తాను మూడు మాటలు చెప్పాడు. ఎండ తగలనివ్వకండి. ఒంటరిగా వదలకండి. నాకు తప్ప ఎవరికీ ఇవ్వకండి. చెప్పి, గులాబీ మెడ నిమిరి, వెనక్కి చూసుకుంటూ వెళ్ళిపోయాడు.

అప్పుడే ఇంటి యజమానురాలు అనసూయమ్మ గారు కూతురి పురుడికని రిక్షా ఎక్కుతోంది. గుర్రాన్ని చూసి ఎక్కిన రిక్షా దిగింది.

"పానకాలూ! ఇది నా పెరట్లో ఉండకూడదు. నా అరుగు మీద ఉండకూడదు. నా మెట్ల కింద ఉండకూడదు. విన్నావా?"

"విన్నానండీ. పెరడు, అరుగు, మెట్ల కింద" అని పానకాలు వేళ్ళు ముడిచి లెక్కపెట్టాడు.

ఇంకేముంది! నలుగురూ గుర్రాన్ని పట్టుకుని పట్నం మీద పడ్డారు. మొదట సినిమాహాలు పక్కనున్న సైకిల్ స్టాండుకు వెళ్ళారు.

"ఇక్కడ చక్రాలున్నవే పెట్టనిస్తాం. పోండి పోండి" అన్నాడు స్టాండువాడు.

కోటిలింగం పాత ఇనుప సామాన్ల కొట్టుకు పరిగెత్తి రెండు సైకిల్ చక్రాలు తెచ్చాడు. గుర్రానికి ఆ పక్కొకటి, ఈ పక్కొకటి తాడుతో వేలాడదీశాడు. "ఇవిగో చక్రాలు!"

స్టాండువాడు నుదురు కొట్టుకుని, "తాళం ఏదయ్యా? తాళం లేకుండా పోతే నాకు సంబంధం లేదు" అన్నాడు, వదిలించుకుందామని.

కోటిలింగం గొలుసూ తాళం పట్టుకుని గులాబీ వెనక కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. గులాబీ ఒక్క తన్ను తన్నింది. అంతే! మొదటి సైకిల్ రెండోదాని మీద పడింది, రెండోది మూడోదాని మీద పడింది. చివరి సైకిల్ సోడాబండి మీద పడింది. వీళ్ళు సందు మలుపు తిరిగేదాకా సోడాసీసాలు పేలుతూనే ఉన్నాయి.

"గొలుసు చిన్నదైంది అన్నయ్యా, లేకపోతే పని అయిపోయేదే" అన్నాడు కోటిలింగం.

ఆ వీధిలో ఒక ఇంటికి 'గది అద్దెకు ఇవ్వబడును' అని బోర్డు ఉంది. గుర్రాన్ని సందులో నీడకు నిలబెట్టి, దాని దగ్గర తల్లినీ తమ్ముణ్ణీ ఉంచి, పానకాలు దంపతులు లోపలికి వెళ్ళారు. ఇంటాయన రిటైరైన గుమాస్తా, పేరు రామశేషయ్య. పడక కుర్చీలోంచి కళ్ళజోడు సర్దుకున్నాడు.

"ఎంతమంది ఉంటారు?"

"ఒక్కతే అండీ" అన్నాడు పానకాలు.

"మాంసం తింటుందా? మా ఇంట్లో కుదరదు."

"రామ రామ! ఉలవలు, పచ్చిగడ్డి, అంతే" అంది తిరపతమ్మ.

గడ్డి అంటే ఆకుకూరలని ఆయన సరిపెట్టుకున్నాడు. "పొయ్యి పొగతో గోడలు నల్లబడతాయి మరి."

"పొయ్యి వెలిగించదండీ. పచ్చిగానే తింటుంది."

"ఓహో, ప్రకృతి వైద్యమా! మంచిది. చుట్టాలూ పక్కాలూ?"

"ఎవరూ లేరు. ఉన్నా మాట్లాడదు."

"గోడలకు మేకులు కొడుతుందా?"

"మేకులన్నీ కాళ్ళకే ఉన్నాయండీ" అన్నాడు పానకాలు.

రామశేషయ్య జాలిపడ్డాడు. "అయ్యో పాపం, ఆపరేషన్ అయిందా! పడుకోవడానికి మంచం కూడా నేనే ఇస్తాను."

"వద్దండీ, నిలబడే నిద్రపోతుంది."

"ఇంత నిరాడంబరమైన మనిషిని నేనింతవరకు చూడలేదు. వెంటనే తీసుకురండి!"

తీసుకొచ్చారు. గులాబీ గుమ్మంలోంచి తల పెట్టి రామశేషయ్య ఒళ్ళోని పేపరు నమలడం మొదలుపెట్టింది. ఆయన కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు. పడుతూనే కేకలు పెట్టాడు.

"ఎందుకండీ కేకలు? అడిగినవాటిలో ఒక్కదానికైనా అబద్ధం చెప్పామా? మనిషా, గుర్రమా అని మీరు అడిగారా?" అని తిరపతమ్మ ఎదురు దబాయించింది. నిజమే. ఆయన అన్నీ అడిగాడు, అదొక్కటే అడగలేదు.

అలసిపోయి ఇంటికొచ్చి, పెరట్లోకి రాకుండా వీధిలోనే నిలబడ్డారు. సౌభాగ్యమ్మ చాలాసేపు ఆలోచించింది.

"ఒరేయ్ పానకాలూ, అనసూయమ్మ ఏమంది? మెట్ల కింద వద్దంది. మెట్ల పైన వద్దందా?"

నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇంత తెలివి ఒకే కుటుంబానికి ఇచ్చినందుకు దేవుడికి దణ్ణం పెట్టుకున్నారు. కానీ మెట్ల దాకా వెళ్ళాలంటే పెరటిలోంచే వెళ్ళాలి. అందుకని ఇంట్లోని పరుపులన్నీ తెచ్చి పరిచారు. పరుపు మీద నడిస్తే పెరట్లో ఉన్నట్టు కాదుగా! తీరా మెట్ల దగ్గర గులాబీ మొరాయించింది. తిరపతమ్మ ఉలవల పళ్ళెం దాని ముక్కు ముందు పట్టుకుని వెనక్కి వెనక్కి ఎక్కింది. గులాబీ పళ్ళేన్ని చూస్తూ పద్ధెనిమిది మెట్లూ టకటకా ఎక్కేసింది.

"చూశారా! మెట్లెక్కాలంటే ఎదురుగా ఉలవలుండాలి. ఇన్నేళ్ళూ మనం ఉత్తినే ఎక్కుతున్నాం" అన్నాడు పానకాలు.

వైశాఖ మాసం. డాబా పెనంలా కాలుతోంది. ఎండ తగలనివ్వొద్దన్నాడు కదా మస్తాను! కొట్లోని గొడుగులు తెచ్చి నలుగురూ నాలుగు పక్కలా నిలబడ్డారు. గుర్రం నీడలో ఉంది. వీళ్ళు ఎండలో ఉన్నారు. ఒంటరిగా వదలొద్దన్నాడు కదా! కొట్టు మూసేశారు. ఇంట్లో వంట మానేశారు. గులాబీ ఉలవలు తింటుంటే వీళ్ళు కాసిని నానబెట్టినవి తీసుకుని నమిలారు. పది రోజులకు గుర్రం నున్నగా నిగనిగలాడింది. నలుగురూ మాడిన అప్పడాల్లా తయారయ్యారు.

పదకొండో రోజు పొద్దున్న మస్తాను వచ్చాడు. ఒక కంటికి కట్టు. పెరట్లో గుర్రం లేదు. అరుగు మీద లేదు. "గులాబీ ఏదీ, పెద్దమ్మగారూ!" అని అరిచాడు.

పిట్టగోడ మీదుగా సౌభాగ్యమ్మ తొంగి చూసింది. "ఎవరు నువ్వు?"

"నేనమ్మా, మస్తానుని!"

"మాకు గుర్రాన్నిచ్చిన మస్తానుకు రెండు కళ్ళు. నీకు ఒకటే ఉంది. అతనికి తప్ప ఎవరికీ ఇవ్వం."

"ఆపరేషనమ్మా! కట్టు కింద ఉంది రెండోది!"

"అయితే విప్పి చూపించు" అన్నాడు కోటిలింగం.

"విప్పితే చూపు పోతుందన్నారయ్యా డాక్టర్లు!"

"పోతే మస్తానువి కానట్టే" అంది సౌభాగ్యమ్మ.

మస్తాను కట్టు ముడి పట్టుకున్నాడు. గుర్రం లేకపోతే కన్నుండి మాత్రం ఏం చూడాలి? ఇంతలో అతని గొంతు విన్న గులాబీ పిట్టగోడ మీద తల పెట్టి గట్టిగా సకిలించింది. కాళ్ళతో డాబా దద్దరిల్లేలా కొట్టింది.

"అదిగో, గుర్రం ఒప్పుకుంది. ఇక మనకేం అభ్యంతరం లేదు" అన్నాడు పానకాలు.

మస్తాను కట్టు వదిలేసి పైకి పరిగెత్తాడు. గులాబీ మెడ కావలించుకున్నాడు. తర్వాత మెట్ల వైపు చూసి నీరుగారిపోయాడు. ఎక్కిన గుర్రం దిగుతుందా? దాన్ని మెట్ల దాకా తెచ్చాడు. కిందికి చూడగానే గులాబీ బెదిరి వెనక్కి తగ్గింది. కాలు జారితే విరుగుతుంది. విరిగితే జట్కా లేదు, అన్నం లేదు.

"నేను దిగి చూపిస్తా, చూసి నేర్చుకుంటుంది" అని కోటిలింగం నాలుగు కాళ్ళ మీద వంగాడు.

"మీకు దణ్ణం పెడతాను, మీరెవరూ కదలకండి" అన్నాడు మస్తాను. తలపాగా విప్పి గులాబీ కళ్ళకు కట్టాడు. మెడ మీద చెయ్యి వేసి, చెవిలో ఏదో చెబుతూ ఒక మెట్టు దింపాడు. ఆగాడు. ఇంకొకటి దింపాడు. అతని చొక్కా చెమటకు తడిసి వీపుకు అంటుకుపోయింది. పద్ధెనిమిదో మెట్టు దిగాక గుర్రం కాళ్ళు నాలుగూ తడిమి చూసుకుని, అక్కడే నేల మీద కూలబడి ఏడ్చాడు.

పైన నలుగురూ పిట్టగోడ మీదుగా తొంగి చూశారు. పానకాలు గొంతు తగ్గించి అన్నాడు.

"అమ్మా, చూశావా? మెట్లు దిగాలంటే కళ్ళకు గంతలు కట్టుకోవాలి. మనం ఇన్నేళ్ళుగా కళ్ళు తెరుచుకుని దిగుతున్నాం!"

"ఎంత గండం తప్పిందిరా నాయనా!" అంది సౌభాగ్యమ్మ.

అన్నదమ్ములు తువ్వాళ్ళు కట్టుకున్నారు. అత్తాకోడళ్ళు కొంగులు కట్టుకున్నారు. ఒకరి భుజం ఒకరు పట్టుకున్నారు. పానకాలు ముందుకు అడుగేశాడు. అంతే! పద్ధెనిమిది మెట్లూ ఒక్కసారే దిగారు. పెరట్లో పరిచిన పరుపులు ఇంకా తీయలేదు కాబట్టి ప్రాణాలు దక్కాయి.

మస్తాను పరుగున వెళ్ళి బండి తెచ్చి కట్టాడు. నలుగురినీ మోసుకెళ్ళి అందులో పడేశాడు. పది రోజుల తర్వాత గులాబీ మొదటి బేరం ఆసుపత్రికే.

"ఎందుకమ్మా ఇలాంటి పనులు? కాళ్ళు విరగ్గొట్టుకున్నారే!" అని దారిపొడవునా మస్తాను బాధపడ్డాడు.

సౌభాగ్యమ్మ మూలుగు ఆపి గర్వంగా లేచి కూర్చుంది. "నీ గుర్రం కాలికి చిన్న గీతైనా పడిందా? లేదుగా! మాట తప్పామా? మా కాళ్ళ సంగతి నువ్వేం చెప్పలేదు."

బండి ఆసుపత్రి ముందు ఆగింది. లోపలికి అయిదు మెట్లున్నాయి. కాంపౌండరు గుమ్మంలోకి వచ్చి, "నడవగలిగినవాళ్ళు నెమ్మదిగా మెట్లెక్కి రండి, మిగతావాళ్ళను మోసుకొస్తాం" అన్నాడు.

నలుగురిలో ఒక్కరూ కదల్లేదు. కాలు బాగానే ఉన్న పానకాలు కూడా కదల్లేదు. కాంపౌండరును పైనుంచి కిందిదాకా చూసి, ఇంత పెద్ద ఆసుపత్రిలో ఇంత తెలివితక్కువ వాడిని ఎలా పెట్టుకున్నారా అనుకున్నాడు.

"ఎక్కమంటావు సరే, ఉలవల పళ్ళెం ఏదయ్యా?"