సుంకన్న గుర్రం

అనగా అనగా, మీ తాతల తాతలు కూడా పుట్టని రోజుల్లో, ఏటి ఒడ్డున ఒక కోట ఉండేది. కోటలో ఒక రాజు. ఆ రాజు సైన్యానికి ఒక దళవాయి. ఆ దళవాయికి నొసట తెల్లమచ్చ ఉన్న గుర్రం, పేరు చుక్క. ఆ చుక్కకు గడ్డి వేసి, ఉలవలు ఉడికించి పెట్టి, ఒళ్లు రుద్దేవాడు సుంకన్న. రాజు పేరు నాకు తెలియదు. దళవాయి పేరూ తెలియదు. నాకీ కథ చెప్పిన మా అవ్వకూ తెలియదు. సుంకన్న పేరు మాత్రం తెలుసు. ఎందుకో చెబుతా, వినండి.

ఒక వానాకాలం యుద్ధం వచ్చింది. శత్రువు ఏటికి అవతల ఉన్నాడు. ఏరు ఒడ్లొరుసుకుని పారుతోంది. దళవాయి చుక్కనెక్కి, నీళ్లలోకి దూకమని మడమలతో పొడిచాడు. చుక్క ముందుకాళ్లు నేలకు తన్నిపెట్టి వెనక్కి ఒరిగింది. రెండోసారి కొరడాతో కొట్టాడు. కదల్లేదు. మూడోసారి నెత్తురు చిమ్మేలా కొట్టాడు. కదల్లేదు.

"దొరా, గుర్రం వద్దంటాంది. అడుగు అందని నీళ్లని దానికి తెలుసు," అన్నాడు కళ్లెం పట్టుకున్న సుంకన్న.

అందరి ముందూ దళవాయికి తలకొట్టేసినట్టయింది. ఆ కోపం మనుషుల మీద తీర్చుకున్నాడు. "గుర్రం దిగకపోతే మీరు దిగండిరా!" అని మూడు వందల మంది బంట్లను ఏట్లోకి తోలాడు. ఒక్కడూ అవతలి ఒడ్డు చేరలేదు. అవతల నుంచి వచ్చిన బాణం, ఒడ్డునే ఉన్న దళవాయి గొంతులో దిగింది. ఇవతలి ఒడ్డున ప్రాణాలతో మిగిలింది సుంకన్నా, చుక్కా మాత్రమే.

ఓడిపోయానని చెప్పుకోవడం రాజుకు నామోషీ. "దళవాయి గుర్రాన్ని ఏట్లోకి దూకించి వీరుడిలా చచ్చాడు. బంట్లు పిరికిపందలు, పారిపోతూ మునిగిపోయారు," అని చాటింపు వేయించాడు. పారిపోయినవాడి పేర రాయి నిలపకూడదు, దీపం పెట్టకూడదు. వాళ్ల ఆడవాళ్లను ఊరి బావి దగ్గరికి కూడా రానివ్వలేదు.

ఆ ఆడవాళ్లలో సుంకన్న కూతురు నాగమ్మ ఒకతె.

"నాయనా, నువ్వు ఆడనే ఉంటివి కదా. నా మొగుడు పారిపోయినాడా?" అని అడిగింది.

సుంకన్న ఉలవలు కడుగుతూ మాట్లాడలేదు. మర్నాడు అడిగింది. మాట్లాడలేదు. మూడోనాడు అడిగింది. మాట్లాడలేదు. నిజం చెబితే ప్రాణం దక్కదని భయం. నాగమ్మ ఇక అడగడం మానేసింది. అది అతనికి మరీ బాధ.

ఇంతలో రాజు దళవాయికి కంచు విగ్రహం పోయించాలనుకున్నాడు. గుర్రం మీద కూర్చుని ఏట్లోకి దూకబోతున్నట్టు ఉండాలన్నాడు. కంచరి మౌనాచారి ముందుగా మైనంతో బొమ్మ చేస్తూ, "దూకే ముందు గుర్రం ఎట్ల నిలబడిందో చూపించప్పా," అని సుంకన్నను అడిగాడు.

సుంకన్న నోటికి భయం గానీ చేతులకు లేదు. మైనపు గుర్రం ముందుకాళ్లు తన్నిపెట్టాడు. నడుము వెనక్కి ఒంచాడు. చెవులు వెనక్కి మడిచాడు. "ఇట్ల," అన్నాడు. గుర్రాల సంగతి మౌనాచారికేం తెలుసు? అట్లాగే పోతపోశాడు.

విగ్రహాన్ని కోట ముందు నిలిపారు. రాజు చూసి మురిసిపోయాడు. ఆయన ఎక్కిన గుర్రాలన్నీ ఎవరో పట్టుకుని నిలబెట్టినవే కదా! జనం మాత్రం బండ్లు తోలేవాళ్లు, మడక దున్నేవాళ్లు. వాళ్లకు చూడగానే తెలిసిపోయింది. ఒక ముసలమ్మ మాత్రం ఉండబట్టలేక అనేసింది.

"ఓయమ్మా, ఇది యాడ దూకుతాంది? మొరాయించింది!"

రాజు ముఖం మాడిపోయింది. కంచరి చేతులు నరకమన్నాడు. అప్పుడు గుంపులోంచి సుంకన్న వచ్చాడు.

"ఆయప్ప తప్పేమీ లేదు సామీ. చూపించింది నేను."

"దూకిందని చెప్పు. నీకు మాన్యం ఇస్తాను," అన్నాడు రాజు.

"గుర్రం వద్దంది సామీ."

"దూకిందని చెప్పు. లేదా ఏట్లో వేయిస్తాను."

"గుర్రం వద్దంది సామీ."

"నీ కూతురి ముఖం చూసైనా చెప్పు."

సుంకన్న నాగమ్మ ముఖం చూశాడు. "గుర్రం వద్దంది. దళవాయి ఒడ్డున ఉండి మనుషుల్ని తోలినాడు. నీ మొగుడు పారిపోలేదమ్మా. ఒక్కడూ పారిపోలేదు. ఇన్నాళ్లూ చెప్పలేకపోతి."

సుంకన్నకు బండరాయి కట్టి, అదే రేవులో, అదే ఏట్లో వేశారు. నాగమ్మ ఎట్లా ఏడ్చిందో చెప్పడం నాకు చేతకాదు. ఆ పొద్దు గుంకకముందే ఆడవాళ్లు రాళ్లు మోసుకొచ్చి ఒడ్డున నిలిపారు. మూడు వందల ఒకటి. కోట కాపలావాళ్లు అడ్డుపడలేదు. మునిగినవాళ్లలో వాళ్ల అన్నదమ్ములూ ఉన్నారు. మర్నాడు నాగమ్మ కడవ తీసుకుని బావికి పోయింది. ఎవరూ ఏమీ అనలేదు.

విగ్రహాన్ని కరిగిస్తే, దూకలేదని రాజు తానే ఒప్పుకున్నట్టవుతుంది. అందుకని వదిలేశాడు. తర్వాత కోట కూలింది. దళవాయి పేరు చెక్కిన పలక అరిగిపోయింది. గుర్రం మాత్రం అట్లాగే కాళ్లు తన్నిపెట్టుకుని ఉంది.

ఇప్పటికీ తొలకరికి ఆ ఊరివాళ్లు దాని గిట్టల దగ్గర గుప్పెడు ఉలవ గుగ్గిళ్లు పెడతారు. పైన కూర్చున్నాయనకు ఏమీ పెట్టరు. ఏరు పొంగినప్పుడు ఎంతటి అధికారి వచ్చి దాటమని గద్దించినా, ఒక్కరూ నీళ్లలో కాలు పెట్టరు.

"సుంకన్న గుర్రం వద్దంది," అంటారు. అని, ఒడ్డునే కూర్చుంటారు.